నూట ఏడుగురు సరే అన్నారు

మా బడిలో మొదటి వారమే ఒక నియమం చెప్పారు. ఏ వస్తువైనా తయారుచేసే ముందు, దాన్ని వాడబోయే మనుషుల్ని కనీసం వందమందిని కలిసి అడగాలి. ఒక్కొక్కరు చెప్పింది ఒక్కో పసుపు చీటీ మీద రాసి గోడకి అంటించాలి. నేను నూట ఏడుగుర్ని అడిగాను. నూట ఏడుగురూ సరే అన్నారు.

బడి అంటే డిగ్రీ ఇచ్చే బడి కాదు. ఆఫ్రికాలో పదకొండు దేశాల నుంచి డిగ్రీ పూర్తయిన వాళ్ళని ఏరి, మా దేశ రాజధాని అక్రాలో ఏడాదిపాటు ఉంచి, కంపెనీ కట్టడం నేర్పుతారు. పాఠం చెప్పడం తక్కువ, కట్టించడం ఎక్కువ. ఇద్దరో ముగ్గురో జట్టుగా చేరి, తమ జనానికి పనికొచ్చేదేదో ఒకటి చేసి, ఏడాది చివర పెద్దల ముందు చూపించాలి. నిజంగా వాడే జనం ఉన్న కంపెనీని రెండో ఏడు కూడా నిలబెడతారు. లేనిదాన్ని అక్కడితో మూసేస్తారు. మూశాక జట్టు ఉండదు, ఎవరి దారి వాళ్ళది.

నాకు వెళ్ళడానికి దారంటూ ఏదీ మిగల్లేదు. నన్ను పెంచింది అమ్మమ్మ. నేను కేప్ కోస్ట్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పోయింది. మావాళ్ళలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. మా ఊరు అక్రొఫ్రొమ్‌లో మేమున్న గదిలో ఇప్పుడు ఎవరో టైలరు కుటుంబం ఉంటోంది. ఆదివారం సాయంత్రాలు హాస్టల్లో అందరూ ఫోన్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటారు. ఒక్కో మెట్టు మీద ఒక్కో భాష. నేను ఆ వేళకి బట్టలు ఉతుక్కునేదాన్ని. ఉతకడానికి లేకపోతే ఉతికినవే మళ్ళీ తడిపేదాన్ని.

ఒనోమే నా జట్టు. నైజీరియాలో వారీ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నకి వెల్డింగు షెడ్డు ఉంది. చెయ్యి తిరిగిన ఇంజనీరు, మాట మాత్రం ఆకురాయి. మొదటిసారి మేం మాట్లాడుకుంది హాస్టల్ వంటగదిలో. నేను గరి, అంటే కర్రపెండలం రవ్వ, నీళ్ళలో నానబెట్టి, పంచదార, వేరుశనగపప్పు వేసుకుని తింటుంటే వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

"ఇదేంటి, ఇలా పాలిపోయింది? జ్వరమా?" అంది. వాళ్ళవైపు గరిలో పామాయిల్ కలిపి పచ్చగా వేయిస్తారు.

"మాది నిక్షేపంగా ఉంది. మీదానికే కామెర్లు," అన్నాను.

ఆ పూటే సగం గిన్నె లాక్కుంది. వారం తిరిగేసరికి ఇద్దరం ఒక జట్టు, ఒక గది.

మిషన్ ఆలోచన నాది. కర్రపెండలం తొక్క తీసి, తురిమి, బస్తాల్లో కట్టి, పైన రాళ్ళు పేర్చి నీరు పిండేసి, పులిశాక వెడల్పాటి బాణలిలో వేయిస్తే గరి అవుతుంది. కష్టమంతా వేయించడంలోనే ఉంది. పొయ్యి పక్కన పీట వేసుకుని, సొరబుర్ర పెంకుతో చెయ్యి ఆపకుండా కలుపుతూ, పొద్దున్నించి సాయంత్రం దాకా పొగలో కూర్చోవాలి. అమ్మమ్మ కళ్ళు అలాగే పోయాయి. చివర్లో నన్ను అడుగుల చప్పుడుని బట్టి గుర్తుపట్టేది. అందుకే పొగ తగలకుండా వేయించే మిషన్ చేద్దామన్నాను. ఒనోమే ఒప్పుకుంది. కానీ ముందు వందమందిని అడగాలి.

అడగడానికి ఎక్కడికో పోవలసిన పని నాకు లేదు. మా ఊరే ఉంది. అక్రొఫ్రొమ్‌లో గరి షెడ్డుకి వెళ్ళాను. ఆ షెడ్డు ఆడవాళ్ళకి పెద్ద ఎనో బిరాగో. ఎనో అంటే అమ్మ. ఊరందరికీ ఆవిడ ఎనోయే. నన్ను చూడగానే ఎవరో లేచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేశారు. మంచినీళ్ళిచ్చారు. నేను తాగిందాకా ఆగి, ఇక్కడంతా క్షేమమే, మీరు వచ్చిన పనేమిటో చెప్పండి అని అడిగారు. చదువుకి ఇస్తున్న మర్యాద అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను కూడా.

ఫారం చూసి చదివాను. పొగతో ఇబ్బంది ఉందా? ఉంది. పొగ లేని మిషన్ వస్తే వాడతారా? వాడతాం మేడమ్, తప్పకుండా వాడతాం, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఒకరి తర్వాత ఒకరు చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుని, సరే అని, లేచి వెళ్ళారు. పక్క రెండూళ్ళలోనూ అంతే. అలా నూట ఏడు చీటీలయ్యాయి.

మాకు నేర్పే లాంప్టే గారు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఒకప్పుడు రెండు కంపెనీలు పెట్టి, రెండూ మూసినవారు. ఎందుకు మూశారన్నదే ఆయన మాకు చెప్పే పాఠం.

"వందలో ఓ పది 'వద్దు'లు కనిపిస్తే నాకు రాత్రి నిద్ర పడుతుంది," అన్నారు. "ఇదేంటమ్మా, ఒక్కటీ లేదు?"

"మా ఊరు సార్. నాకు అబద్ధం చెప్పరు."

"అబద్ధమని నేనన్లేదు," అని, పక్క జట్టు గోడ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఒనోమే నాలుగు నెలలు ఆ మిషన్‌తోనే పడుకుని, దాంతోనే లేచింది. పీపాలాంటి డ్రమ్ము, తిప్పడానికి చిన్న మోటారు, కింద బొగ్గుల పెట్టె, పొగని పైకి తీసుకుపోయే గొట్టం. పదిమంది రోజంతా వేయించేదాన్ని అది రెండు గంటల్లో వేయించేది. దానికో మీటరు కూడా పెట్టింది. డ్రమ్ము ఎన్ని గంటలు తిరిగిందీ ఆ మీటరు రోజూ సాయంత్రం మా ఫోన్లకి పంపుతుంది.

మిషన్ లారీ దిగిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఒక పెద్దాయన నేల మీద సారా ఒలికించి పూర్వీకుల్ని పిలిచాడు. ఆడవాళ్ళు పాడారు. ఒనోమే చేత కూడా చిందులేయించారు. తొలి వాయి దిగగానే ఎనో బిరాగో ఆ వేడి గరి గుప్పిట్లోకి తీసుకుని నోట్లో వేసుకుని, మంచి రుచి అంది. ఆ సాయంత్రం మీటరు నాలుగు గంటలు చూపించింది.

మర్నాడు సున్నా. ఆ మర్నాడు సున్నా. నాలుగో రోజూ సున్నాయే.

"మీటరు పోయింది," అంది ఒనోమే. విప్పింది, బిగించింది. నేను ఎనోకి ఫోన్ చేశాను. ఇంట్లో అందరూ బాగున్నారా, ఒంట్లో బాగుందా, అక్కడ వానలు పడ్డాయా, అన్నీ అయ్యాక మిషన్ సంగతి అడిగితే, బంగారంలా ఉంది మేడమ్ అంది. ఒనోమే కొత్త మీటరు కొని పంపింది. అదీ సున్నాలే పంపింది. వారానికొకసారి మాత్రం మూడు గంటలు చూపించేది. దాంతో ఒనోమేకి ఇంకా పిచ్చెక్కేది. చెడిపోయింది చెడిపోయినట్టు ఉండకుండా వారానికోసారి బాగవడమేంటని గదిలో అటూ ఇటూ తిరిగేది.

"నూట ఏడుగురు వాడతామన్నారా? అన్నారు. మిషన్ ఉందా? ఉంది. మరి దోషం మీటరుదే," అనేది. లెక్క సరిగ్గానే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఫోన్లో ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాను. మూడు గంటలు తిరిగినవన్నీ గురువారాలే. మిషన్ చూసి రావడానికి వారం వారం నేను బుధవారం బస్సెక్కి, టెచిమాన్‌లో పడుకుని, గురువారం పొద్దున్న ఊళ్ళో దిగుతాను. వస్తున్నానని ముందురోజు ఫోన్ చేస్తాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా ఒనోమే తింటోంది. ఏంటలా ఉన్నావని అడిగింది. కారం ఎక్కువైందన్నాను.

పెద్దల ముందు నిలబడడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. నేను ఎవరికీ చెప్పకుండా ఆదివారం బయల్దేరాను. సోమవారం పొద్దున్న ఏడింటికి ట్రోట్రో వ్యాను దిగి, రోడ్డు మీదుగా కాకుండా అరటితోట వెనకనుంచి షెడ్డు వైపు నడిచాను. దూరంనుంచే పొగ కనిపించింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన పొగే.

పద్నాలుగు పొయ్యిలూ మండుతున్నాయి. పీటల మీద కూర్చుని కలుపుతున్నారు. ఒకామె మొగుణ్ణి అనుకరిస్తోంది, మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. మిషన్ ఒక పక్కన, తుడిచి శుభ్రంగా, మంచి పూల గుడ్డ కప్పుకుని ఉంది. దాని మీద కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

నన్ను ముందుగా చూసినామె నవ్వు ఆపేసింది. ఆ నిశ్శబ్దం పొయ్యి నుంచి పొయ్యికి పాకింది. అందరూ లేచారు. ఒకరు కుర్చీకి పరిగెత్తారు, ఒకరు నీళ్ళకి. ఇద్దరు మిషన్ మీద గిన్నెలు గబగబా తీసేస్తున్నారు, మూడో ఆమె దాని పెట్టెలోకి మండే బొగ్గులు ఎత్తుతోంది. వద్దన్నాను. వినిపించుకోలేదు. వద్దని మళ్ళీ అన్నాను. అప్పుడు ఆమె బొగ్గులున్న రేకు పట్టుకుని, ఎనో వైపు చూస్తూ నిలబడిపోయింది.

కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళు తాగాను. వచ్చిన పనేమిటో చెప్పమన్నారు. మిషన్ ఎలా ఉందని అడిగాను. బంగారంలా ఉందన్నారు. నేను లేచి, ఖాళీగా ఉన్న ఒక పీట మీద కూర్చోబోయాను. ముగ్గురు ఒక్కసారే పట్టుకుని లేపారు. మంచి బట్టలు పాడైపోతాయి మేడమ్ అన్నారు.

ఆ షెడ్డులో ఒకప్పుడు నాకు కుర్చీ ఎవరూ వేయలేదు. బడి నుంచి ఆలస్యంగా వస్తే తొక్కలు మొహాన విసిరేవారు. రాజుగారి కూతురు వేంచేసిందిరా అనేవారు. మిషన్‌కి కప్పిన గుడ్డ, నాకు వేసిన కుర్చీ ఒకటేనని అప్పుడు అర్థమైంది.

ఫోసువా నా ఈడుది. తొమ్మిదో తరగతి దాకా ఒకే బల్ల. లెక్కలు నా దాంట్లో చూసి వేసేది, దెబ్బలు మాత్రం ఇద్దరికీ పడేవి. ఆ తర్వాత మానేసింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. ఆమె కూడా నాకు పసుపు చీటీ ఇచ్చింది. పిండే బస్తాల మీద రాళ్ళు సర్దడానికి షెడ్డు వెనక్కి వెళ్తుంటే వెంట వెళ్ళాను.

"మిషన్ ఎందుకు వాడట్లేదు?" అన్నాను.

"వాడుతున్నాం కదా మేడమ్."

"ఫోసువా, నన్ను మేడమ్ అనకు."

"మరేమనాలి?"

"ఇదివరకు ఏమనేదానివి?"

"ఇదివరకు నువ్వు నా పక్కన కూర్చుని తొక్క తీసేదానివి," అంది.

రాయి ఒక పక్క పట్టుకుంది. నేను రెండో పక్క పట్టుకున్నాను. బస్తా మీద దించాం. పుల్లటి నీరు కాళ్ళ మీద పడింది. నేను కదలకపోవడం చూసి ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది.

"పొగ వద్దా అని అడిగావు. పొగ ఎవత్తెకి కావాలే? వద్దన్నాం. ఆ డ్రమ్ము వస్తే నీ పొయ్యి దగ్గర నువ్వుంటావా అని అడిగావా? నాకు పొలం లేదు. ఆ చివర కూర్చునే ముసలమ్మకి లేదు. మేం పద్నాలుగు మందిమి, పొలమున్న వాళ్ళ కర్రపెండలం కూలికి వేయిస్తాం. పది డబ్బాలు వేయిస్తే ఒక డబ్బా మాది. నీ డ్రమ్ము కూలి అడగదుగా."

"ఎనో నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా?"

"ఎలా చెబుతుంది? అంత దూరం నుంచి కాయితాలు పట్టుకుని, మొహం కడుక్కుని వచ్చావు. ఇంటికొచ్చిన మనిషికి కాదని ఎవరు చెబుతారు? పొలమున్నవాళ్ళు మా మొహం చూసి మిషన్ ముట్టుకోలేదు. మేం నీ మొహం చూసి నోరెత్తలేదు. నువ్వొచ్చిన రోజు నీకోసం తిప్పుతున్నాం. ఇంకేం చెయ్యమంటావు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ అమ్మమ్మకి పొలముందా, పొకువా?"

లేదు. అమ్మమ్మ కూలికే వేయించింది. ఆ పదో డబ్బానే నేను తిన్నాను. ఆ డబ్బాలు కూడబెట్టి శుక్రవారం టెచిమాన్ సంతలో అమ్మి నాకు బూట్లు కొన్నది. ఆవిడ కళ్ళు గుర్తుపెట్టుకుని, ఆ డబ్బా మరిచిపోయాను. ఫారంలో పొలం ఎంత అని ఒక గడి ఉంది. కొందరికి ఆ గడి ఖాళీగా వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాను. ఎంతమందికి వదిలానో అక్రా వెళ్ళాక చూసుకున్నాను. పద్నాలుగే.

మా ఊళ్ళో వద్దనే మాట ఇంటివాళ్ళకే చెబుతారు. పరాయివాళ్ళకి చెప్పరు. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నైరోబీ నుంచో కంపాలా నుంచో ఎవరైనా వచ్చి అడుగుతామంటే, మావాళ్ళ సరే నమ్మకండని నేనే చెప్పి ఉందును. ఆ పరాయివాళ్ళలో నన్ను లెక్కేసుకోలేదు, అంతే.

బయల్దేరే అతిథి వెళ్ళొస్తానని దారి అడగాలి, పెద్దలు ఇవ్వాలి. అడిగాను. ఎనో బిరాగో నా రెండు చేతులూ పట్టుకుని, సగం దారే ఇస్తున్నాం, మిగతా సగం మా దగ్గరే ఉంది, తీసుకోవడానికి మళ్ళీ రావాలి అంది. వినడానికి చల్లని మాట. అయితే ఇంట్లో పిల్లలెవరూ దారి అడగరు. లేచి వెళ్ళిపోతారు.

ఒనోమేకి మంగళవారం రాత్రి చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. బుధవారం పొద్దున్న వర్క్‌షాపులో చెప్పాను. ఆమె మూడో మీటరుకి తీగలు అతుకుతోంది. అంతా విని, సోల్డరింగు కడ్డీ స్టాండులో పెట్టింది.

"అంటే మీటరు బాగానే ఉంది," అంది.

"మొదటిది కూడా బాగానే ఉంది."

"నాలుగు నెలలు, పొకూ."

"తెలుసు."

"నీకేం తెలుసు? పోనీ, ఒకటి చెప్పు. నూట ఏడుగురు సరే అన్నారా, లేదా?"

"అన్నారు."

"నువ్వు దొంగ చీటీ ఏదైనా రాశావా?"

"లేదు."

"మరింకేం? చీటీలు చూపిద్దాం, మిషన్ తిప్పి చూపిద్దాం. రెండో ఏడు చేతిలోకి వస్తే వేరే ఊరు వెతుకుదాం. ఇందులో అబద్ధం ఎక్కడుంది? నన్ను వారీకి ఖాళీ చేతులతో పంపకు. మా నాన్న అందరికీ చెప్పుకున్నాడు."

ఆమె అడిగింది న్యాయమే. నేను సరే అన్నాను. అని, రాత్రంతా ఆ సరే గురించే ఆలోచించాను. నేను కూడా ఆమెకి మా ఊరివాళ్ళు చెప్పినటువంటి సరేనే చెప్పానని తెల్లవారేసరికి తెలిసింది. లేపి, వద్దన్నాను. మీటరు అంకెలు చూపించక తప్పదన్నాను. ఒనోమే దుప్పటి ముసుగు తీయలేదు. విన్నానని మాత్రం అంది.

పెద్దలు అయిదుగురు కూర్చున్నారు. ఒనోమే మిషన్ గురించి మాట్లాడింది, చాలా బాగా మాట్లాడింది. తర్వాత నా వంతు. నూట ఏడుగురు సరే అన్నారని చెప్పాను. తర్వాత మీటరు అంకెలు తెర మీద పెట్టాను. మొదటి రోజు కాక మిషన్ అయిదు రోజులు తిరిగింది, ఆ అయిదు రోజులూ నేను ఊళ్ళో ఉన్నాను, నేను లేని ఒక్క రోజూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు అన్నాను. ఎందుకో చెప్పాను. పద్నాలుగు ఖాళీ గడుల సంగతి చెప్పాను. ఒకాయన, ఇది మీకు ముందే తెలిసి ఉండాల్సింది కదా అని అడిగారు. అవునండి అన్నాను.

సాయంత్రం పేర్లు చదివారు. మాది లేదు.

లాంప్టే గారు బయట వరండాలో నా పక్కన నిలబడ్డారు. ఓదార్చలేదు. తను మొదటి కంపెనీ మూసిన రోజు ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు రోజూ టై కట్టుకుని బయటికి వెళ్ళేవాణ్ణని చెప్పారు. ఏడాది పూర్తయ్యేదాకా గది ఉంటుందని, కొత్తగా ఏదైనా మొదలుపెట్టుకోవచ్చని, అయితే ఒంటరిగా మొదలుపెట్టాలని చెప్పారు. మిగిలినవాళ్ళందరికీ జట్లున్నాయి.

ఒనోమేని నైరోబీ వాళ్ళు తీసుకున్నారు. చేపలకి ఐసు పెట్టెలు చేస్తున్న జట్టు, వాళ్ళకి వెల్డింగు తెలిసిన మనిషి కావాలి. నాకు సంతోషమే కలిగింది. గది మాత్రం మారలేదు. ఇదివరకు, ఏయ్ పొకూ, ఆ స్పానర్ ఇలా విసురు అనే మనిషి, ఇప్పుడు నీకు అభ్యంతరం లేకపోతే కిటికీ వేస్తాను అంటోంది. నీ గరి కొంచెం తీసుకోవచ్చా అని అడిగింది ఒకరోజు. డబ్బా మొత్తం ఇచ్చాను. రెండు చెంచాలే తీసుకుని, మూత బిగించి, థాంక్యూ చెప్పి వెళ్ళింది.

మిషన్ బడిది. నెలాఖరులోగా వెనక్కి తేవాలి. ఎనోకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు మాటలు కూర్చుకున్నాను. మీరు సరే అన్నారు కాబట్టి ఇప్పుడు తీసుకుపోతున్నానంటే నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఫోన్ చేసి, ఇంట్లో అందరూ బాగున్నారా అని మొదలుపెట్టాను.

"బాగానే ఉన్నాం. ఆ ఇనుప పీపా ఎప్పుడు తీసుకుపోతావు?" అంది ఎనో బిరాగో. "వానలొస్తున్నాయి, బస్తాలు పెట్టుకోడానికి చోటు లేదు. దాని చుట్టూ తిరగలేక మోకాళ్ళు పోతున్నాయి."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"వింటున్నావా? ఫోసువా అంతా చెప్పింది నాకు. దాన్ని రెండు తిట్టాను. నిన్ను కూడా తిట్టాలి, ఎదురుగా కనిపిస్తే తిడతాను. శుక్రవారం రాకు, సంత. శనివారం రా. లారీవాడికి కట్టే కిరాయి ముందే మాట్లాడుకో, చదువుకున్నదానివని ఎక్కువ గుంజుతాడు."

పెట్టేసింది. దీవెనలేవీ పెట్టలేదు. నేను ఖాళీ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అవతల మెట్ల మీద ఆదివారం మాటలు సాగుతున్నాయి.

శనివారం ఎనిమిదిమంది కలిసి మిషన్ లారీ ఎక్కించారు. ఎనో చెప్పినట్టే తిట్టింది, పొలం లేని మనుషుల మధ్య పెరిగి పొలం గడి ఖాళీగా వదిలేస్తావా అని, అందరి ముందే. తలొంచుకుని విన్నాను. మధ్యాహ్నం నాకోసం వేరే వండలేదు, ఉన్నదే పెట్టారు. తర్వాత అందరూ పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళకి పనుంది. నాకు లేదు. లారీ కదిలినప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. అదీ సబబే. కానీ నేను మలుపు తిరిగేదాకా చూశాను.

కుమాసీ దాటాక న్కాకో దగ్గర భోజనానికి ఆగాం. డ్రైవరు నలభై ఏళ్ళవాడు, ఎజురా వైపు మనిషి. వెనక కట్టిన డ్రమ్ము ఏమిటని అడిగితే చెప్పాను. అతను మొక్కజొన్నపిండి కెంకీ ముద్ద చేపల కారంలో ముంచుతూ తలూపాడు.

"మా ఊరికి పట్టుకురండి. మావాళ్ళంతా వాడతారు," అన్నాడు.

"మీ ఊళ్ళో కూలికి వేయించేవాళ్ళు ఎంతమంది?"

"నాకేం తెలుసు? అది ఆడవాళ్ళ సంగతి."

"తెలిసినవాళ్ళని అడగాలి."

అతనికి అది సరదాగా తోచింది. ఎడమచేత్తో భార్యకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. లారీలో ఒక పిల్ల ఉంది, కూలికి గరి వేయించేవాళ్ళ లెక్క అడుగుతోంది అన్నాడు. అవతల ఆవిడ నవ్వింది. ఇన్నేళ్ళుగా మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న ఈవిడకెందుకంది. ఎవరా పిల్ల, ఎవరి తాలూకు అని అడిగింది.

డ్రైవరు నా వైపు చూశాడు. ఏ బడి పేరు చెబుతానో, ఏ కంపెనీ పేరు చెబుతానో అని ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"అక్రొఫ్రొమ్‌లో కొనాడు అని ఉండేది," అన్నాను. "కూలికి గరి వేయించేది. ఆవిడ మనవరాల్ని."